చదవడం, రాయడం, లెక్క కష్టమైన పెద్దలకు ఉద్యోగంలో అండ: బెంగళూరు తెలుగువారు తరచుగా అడిగే ప్రశ్నలు

నేను బెంగళూరులో స్పెషల్ ఎడ్యుకేటర్‌గా, అంటే చదవడం, రాయడం, లెక్క కష్టమైనవారికి నేర్పే టీచరుగా పనిచేస్తున్నాను. మొదట్లో నా దగ్గరికి బడిపిల్లలే వచ్చేవారు. వాళ్లను తీసుకొచ్చిన తండ్రులో మేనమామలో వెళ్లబోతూ గుమ్మం దగ్గర ఆగి, "నాకూ చిన్నప్పటి నుంచి ఇదే ఇబ్బంది మేడం" అని గొంతు తగ్గించి చెప్పేవారు. పెద్దవాళ్లతో పని అలా మొదలైంది. హిందూపురం నుంచి రోజూ రైల్లో వచ్చిపోయేవారు, మారతహళ్లి పీజీల్లో ఉండే సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు, గార్మెంట్ ఫ్యాక్టరీ సూపర్‌వైజర్లు, నర్సులు, సూపర్ మార్కెట్ బిల్లింగ్ కౌంటర్లలో కూర్చునేవారు నన్ను కలుస్తుంటారు. వాళ్లూ, వాళ్ల మేనేజర్లూ, ఇంట్లోవాళ్లూ మళ్లీ మళ్లీ అడిగిన ప్రశ్నలివి.

అభ్యసన వైకల్యం అంటే తెలివి తక్కువగా ఉండటమేనా?

కాదు. తెలివితేటలు మామూలుగానే ఉంటాయి, కొందరిలో చాలా ఎక్కువగా కూడా ఉంటాయి. అక్షరాన్నీ శబ్దాన్నీ జోడించడం, రాసేటప్పుడు వర్ణక్రమం గుర్తుంచుకోవడం, అంకెల పరిమాణాన్ని పోల్చుకోవడం వంటి కొన్ని ప్రత్యేకమైన పనులు మాత్రం మెదడుకు కష్టమవుతాయి. చదవడంలో ఇబ్బందిని డిస్లెక్సియా అంటారు. రాతలో అయితే డిస్‌గ్రాఫియా, లెక్కల్లో అయితే డిస్‌కాల్క్యులియా. చేతి కదలికలకూ పనుల వరుసకూ సంబంధించినది డిస్‌ప్రాక్సియా. ఒకే మనిషిలో రెండు మూడు కలిసి ఉండటం సాధారణం. ఇది కంటిచూపు లోపం కాదు, బద్ధకం కాదు, పెంపకంలో తప్పు అంతకన్నా కాదు. చాలా కుటుంబాల్లో తరతరాలుగా కనిపిస్తుంది. వయసుతో పాటు పోదు. మనిషి దాన్ని దాటుకునే దారులు వెతుక్కుంటాడు, అంతే.

నాకు ముప్ఫై నాలుగేళ్లు. బడిలో ఎవరూ ఈ మాట చెప్పలేదు. ఇప్పుడెలా బయటపడింది?

మీరు చదువుకున్న రోజుల్లో దానికి పేరు పెట్టేవారు లేరు. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి, అభ్యసన వైకల్యం వాటిలో లేదు. 2016లో వచ్చి, 2017 ఏప్రిల్ 19 నుంచి అమలైన వికలాంగుల హక్కుల చట్టంతోనే 21 రకాల జాబితాలో అది చేరింది. అంతకుముందు మన బడుల్లో దానికి ఉన్న పేర్లు మీకు తెలుసు: మొద్దు, మట్టి బుర్ర, వానాకాలం చదువు. "చేతిరాత బాగుంటేనే తలరాత బాగుంటుంది" అన్న మాటను దెబ్బలతో పాటు తిన్నవాళ్లు నా దగ్గర ఎందరో ఉన్నారు.

బడిలో కంఠస్థం చేసి నెట్టుకొచ్చినవారికి ఉద్యోగంలో ఆ ఉపాయం పనిచేయదు. రోజుకు యాభై మెయిళ్లు కంఠస్థం చేయలేరు కదా. అందుకే ఉద్యోగంలో చేరిన రెండు మూడేళ్లకో, పదోన్నతి వచ్చి రాతపని పెరిగాకో ఇది బయటపడుతుంది. కన్నబిడ్డకు పరీక్ష చేయించినప్పుడు తమ సంగతి తెలుసుకునే తల్లిదండ్రులు కూడా చాలామంది.

తెలుగు ఫరవాలేదు, ఇంగ్లీషు దగ్గరే తడబడతాను. ఇది డిస్లెక్సియానా, ఇంగ్లీషు మీడియంలో చదవకపోవడమా?

అందరికన్నా ఎక్కువగా తెలుగువాళ్లే నన్ను ఈ ప్రశ్న అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే.

తెలుగులో అక్షరం ఎలా ఉంటే దాదాపు అలాగే పలుకుతాం. ఇంగ్లీషులో అలా కాదు. టఫ్, దో, త్రూ అనే మూడు మాటల చివర ఒకే నాలుగక్షరాలు ఉంటాయి, పలకడం మాత్రం మూడు రకాలుగా పలుకుతాం. అందువల్ల డిస్లెక్సియా ఉన్న మనిషికి ఇంగ్లీషులో తప్పులు కుప్పలుగా పడతాయి. తెలుగులో తప్పులకన్నా నిదానం ఎక్కువగా కనిపిస్తుంది. కాబట్టి తెలుగులో మీరు ఎలా చదువుతున్నారో జాగ్రత్తగా చూసుకోండి. దినపత్రికలో ఒక వార్తను పక్కవారు ముగించేసరికి మీరు రెండో పేరాలోనే ఉన్నారా? మ, య దగ్గర, ప, వ, ష దగ్గర ఆగుతున్నారా? ఒత్తులు, దీర్ఘాలు రాసేటప్పుడు జారిపోతున్నాయా? 'స్త్రీ', 'రాష్ట్రం' వంటి మాటల్ని చూసి చదువుతున్నారా, వాక్యాన్ని బట్టి ఊహిస్తున్నారా? తెలుగులో ఈ ఇబ్బందులేవీ లేకుండా ఇంగ్లీషు మాత్రమే కష్టమైతే, అది చాలావరకు ఇంగ్లీషు అలవాటు లేకపోవడమే. దానికి మందు సాధన. రెండింటిలోనూ చిన్నప్పటి నుంచి ఇబ్బంది ఉంటే పరీక్ష చేయించుకోవడం మంచిది. పరీక్షించేవారికి మీ తెలుగు చదువు సంగతి తప్పకుండా చెప్పండి. ఇంగ్లీషు పేజీ ఒక్కటే ముందుపెట్టి తేల్చేయడం సరికాదు.

పరీక్ష ఎవరు చేస్తారు?

క్లినికల్ సైకాలజిస్టు చేస్తారు. ఆ మనిషికి భారత పునరావాస మండలిలో నమోదు ఉండాలి, ఆ సంఖ్య అడగడానికి మొహమాటపడకండి. హోసూరు రోడ్డులోని నిమ్హాన్స్ పేరు మీరు వినే ఉంటారు. అభ్యసన వైకల్యాన్ని అంచనా వేయడానికి మన దేశంలో బాగా వాడుకలో ఉన్న పరీక్షల సమాహారాన్ని తయారు చేసింది ఆ సంస్థే. వెళ్లేటప్పుడు పాత మార్కుల జాబితాలు, నోటు పుస్తకాలు ఏవైనా మిగిలి ఉంటే తీసుకెళ్లండి. అమ్మనో అక్కనో ఫోనులో అందుబాటులో ఉండమనండి. మీ చిన్ననాటి సంగతులు వాళ్లకే బాగా గుర్తుంటాయి.

సదరం (వైకల్య) సర్టిఫికెట్ ఉంటేనే ఆఫీసులో సాయం అడగాలా?

సర్టిఫికెట్ వేరు, సాయం వేరు. ప్రభుత్వ ఉద్యోగ రిజర్వేషన్ కావాలంటే కనీసం 40 శాతం వైకల్యం ఉన్నట్లు సర్టిఫికెట్ ఉండాలి. పనిచేసే చోట సర్దుబాటు, అంటే పని పద్ధతిలో మీకు అనువైన మార్పు, కోరడానికి ఆ 40 శాతం గీత దాటనక్కర్లేదు. 2021 ఫిబ్రవరి 11న వికాస్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతే స్పష్టంగా చెప్పింది. చేతిరాత వైకల్యం ఉన్న ఆ అభ్యర్థికి సివిల్స్ పరీక్షలో లేఖకుణ్ని, అంటే అభ్యర్థి చెబితే రాసిపెట్టే మనిషిని, ఇవ్వడానికి నిరాకరించారు. 40 శాతం లేదన్న కారణంతో లేఖకుణ్ని నిరాకరించడం చెల్లదని కోర్టు తీర్పునిచ్చింది. ఆ తీర్పు చలవతోనే 2022 ఆగస్టులో, 40 శాతం కన్నా తక్కువ వైకల్యం ఉండి రాయడం కష్టమైనవారి కోసం కేంద్రం మార్గదర్శకాలు తెచ్చింది.

సర్టిఫికెట్ సంపాదించడం పెద్దవాళ్లకు సులువు కాదని ముందే చెప్పాలి. 2018 నాటి కేంద్ర మార్గదర్శకాలు పిల్లల్ని దృష్టిలో పెట్టుకుని రాసినవి. వాటి ప్రకారం ఎనిమిదేళ్లు నిండాక మొదటిసారి, మళ్లీ 14 ఏళ్లకు, 18 ఏళ్లకు పరీక్ష చేసేవారు. 18 ఏళ్లప్పుడు ఇచ్చినది జీవితాంతం చెల్లుతుంది. ముప్ఫై ఏళ్లకు మొదటిసారి వెళ్లినవారిని మెడికల్ బోర్డులు ఆశ్చర్యంగా చూస్తాయి. ఓపిక పట్టండి, సైకాలజిస్టు నివేదిక వెంట ఉంచుకోండి. ఒకసారి వచ్చిందంటే, అనంతపురంలో ఇచ్చినా బెంగళూరులో ఇచ్చినా దేశమంతటా చెల్లుతుంది. చట్టంలోని 58వ సెక్షన్ ఆ మాట చెబుతోంది.

నాది ప్రైవేటు కంపెనీ. చట్టం వర్తిస్తుందా?

వర్తిస్తుంది, కానీ ప్రభుత్వ కార్యాలయానికి వర్తించినంత గట్టిగా కాదు. 20వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ సంస్థలు ఉద్యోగంలో వివక్ష చూపకూడదు, తగిన సర్దుబాట్లు కల్పించాలి, వైకల్యం కారణంగా పదోన్నతి ఆపకూడదు. ప్రైవేటు సంస్థకు 21వ సెక్షన్ ముఖ్యం. ప్రతి సంస్థా సమాన అవకాశాల విధానాన్ని ప్రకటించాలి. ఇరవై మంది గానీ అంతకన్నా ఎక్కువమంది గానీ పనిచేసే ప్రైవేటు సంస్థ అయితే, ఆ విధానంలో ఏయే సదుపాయాలు ఇస్తారో, ఉద్యోగంలో చేరాక, పదోన్నతికి ముందు శిక్షణ ఎలా ఉంటుందో, ఏ సహాయక పరికరాలు సమకూరుస్తారో, ఈ వ్యవహారాలు చూసే లియాజన్ అధికారి ఎవరో రాయాలని 2017 నాటి నిబంధనలు చెబుతున్నాయి.

అందుకే నా దగ్గరికి వచ్చినవారికి మొదట ఇదే పని చెబుతాను. మీ కంపెనీ వెబ్‌సైటులో ఆ విధాన పత్రం వెతకండి, లేకపోతే హెచ్‌ఆర్‌ను అడగండి. ఆ పత్రం అడగడానికి మీ వైకల్యం గురించి ఒక్క మాట కూడా చెప్పనక్కర్లేదు. వాళ్లిచ్చే జవాబును బట్టే ఆ సంస్థ ఎలాంటిదో సగం తెలిసిపోతుంది.

మేనేజర్‌కు చెప్పమంటారా, వద్దంటారా?

ముందు నా తప్పు ఒకటి చెప్పాలి. కొన్నేళ్ల క్రితం ఒక కంపెనీలో శిక్షణ ఇవ్వడానికి వెళ్లాను. ఆ టీములో ఒక కుర్రాడికి డిస్లెక్సియా ఉందని మేనేజర్‌కు, నాకు తెలుసు. పేరు ఎత్తకపోయినా, "మీలో ఒకరికి ఈ ఇబ్బంది ఉంది, అర్థం చేసుకోండి" అన్నాను. సాయంత్రానికల్లా అది ఎవరో అందరికీ తెలిసిపోయింది. మర్నాటి నుంచి అతని మెయిళ్లను పక్కవాళ్లు అడగకుండానే సరిదిద్దడం మొదలుపెట్టారు. మూడు నెలలకు అతను ఉద్యోగం మానేశాడు. చెప్పాలో వద్దో, ఎవరికి చెప్పాలో, ఎప్పుడు చెప్పాలో నిర్ణయించుకునే హక్కు ఆ వైకల్యం ఉన్న మనిషిదే. నేనా హక్కు లాక్కున్నాను. అప్పటి నుంచి ఎవరి తరఫునా, ఎంత మంచి ఉద్దేశంతోనైనా ఆ మాట నేను ఎత్తను.

ఇక మీ సంగతి. దాచుకోవడానికి ఎంత శ్రమ పడుతున్నారో ఒక వారం గమనించండి. ఉదయం అందరికన్నా గంట ముందు రావడం, మెయిలు పంపేముందు పదిసార్లు చదవడం, మీటింగులో గట్టిగా చదవమంటారేమోనని బాత్రూమ్‌కు వెళ్లడం, ఫారం నింపాల్సి వస్తే "కళ్లజోడు మరిచిపోయాను" అనడం. నాకు తెలిసినవారిలో చాలామందికి పని కన్నా ఈ దాపరికమే ఎక్కువ అలసట తెస్తోంది. ఆ శ్రమ పనిని మించిపోతే చెప్పాల్సిన సమయం వచ్చినట్లే. మించకపోతే, పేరు చెప్పకుండానే కావలసిన సర్దుబాటు అడగవచ్చు. మేనేజర్ నోరు జారే మనిషి అయితే ముందు హెచ్‌ఆర్‌తో మొదలుపెట్టండి. ఉద్యోగంలో చేరిన మొదటి వారమే చెప్పాలన్న నియమం లేదు. అయితే పనితీరు బాగాలేదని లిఖితపూర్వకంగా హెచ్చరిక వచ్చేదాకా ఆగకండి. అప్పుడు చెబితే సాకు అనుకుంటారు.

చెప్పాలని నిర్ణయించుకున్నాను. ఏమని చెప్పాలి?

వైకల్యం గురించి ఒక్క వాక్యం, పని గురించి మూడు వాక్యాలు. ఉదాహరణకు: "సార్, నాకు డిస్లెక్సియా ఉంది, అంటే చదవడం, రాయడం నాకు నిదానం. పని విషయం అర్థం చేసుకోవడంలో ఇబ్బంది లేదు. మీటింగులో చర్చించే పత్రం ముందు రోజు పంపితే చదివి సిద్ధంగా వస్తాను. మీరు నోటితో చెప్పిన పనిని నేను మూడు ముక్కల్లో రాసి పంపుతాను, సరిగ్గా ఉందో లేదో ఒక్క మాట చెప్పండి." ఇంతే చాలు. క్షమాపణతో మొదలుపెట్టకండి. తరువాత అదే సారాంశాన్ని మెయిలులో పంపి దాచుకోండి.

నేను టీమ్ లీడ్‌ను. మా టీములో ఒకరు ఈ విషయం నాతో చెప్పారు. ఇప్పుడు నేనేం చేయాలి?

ముందు, "మీకు ఏది సులువుగా ఉంటుంది?" అని అడగండి. ఎవరిదో జాబితా తెచ్చి అమలు చేయకండి. ఇద్దరు డిస్లెక్సియా ఉన్నవాళ్ల అవసరాలు ఒకేలా ఉండవు. ఒకరికి అన్నీ నోటితో చెబితే హాయి. మరొకరికి నోటితో చెప్పింది నిలవదు, రాసి ఇవ్వాలి. సందేహం ఉన్నచోట రెండూ చేయండి. నోటితో చెప్పి, వెంటనే రెండు వరుసల్లో రాసి పంపండి.

పనులన్నీ ఒకే ఊపిరిలో చెప్పడం మనలో చాలామందికి అలవాటు. "ఆ ఫైలు చూసి, వాళ్లకు మెయిలు పెట్టి, మధ్యాహ్నంలోగా లెక్క తేల్చి, వచ్చేటప్పుడు ప్రింటు తీసుకురండి." ఇందులో నాలుగు పనులున్నాయి. మెదడులో తాత్కాలికంగా నిలుపుకునే జ్ఞాపకం బలహీనంగా ఉన్నవారికి మొదటిదీ చివరిదీ మిగులుతాయి, మధ్యవి జారిపోతాయి. మీరేమో అశ్రద్ధ అనుకుంటారు. ఒక్కొక్క పనికి ఒక్కొక్క వరుస, అంకె వేసి ఇవ్వండి. తేదీని 03/04 అని రాయకండి. ఏప్రిల్ 3 అని రాయండి. పొడవైన సంఖ్యల్ని మూడేసి, నాలుగేసి అంకెలుగా విడదీయండి. హఠాత్తుగా "ఇది కాస్త చదివి వినిపించు" అని ఎవరినీ అడగకండి. బోర్డు మీద రాయమని పిలవకండి. నెలనెలా చేసే నివేదికకు ఒక నమూనా ఇవ్వండి, ఖాళీ పేజీని చూస్తేనే భయపడేవారు ఉన్నారు. మెయిలులో పొడవైన పేరాలు తగ్గించి, ఏం కావాలో మొదటి వరుసలోనే చెప్పండి.

రాతపనికి కాస్త ఎక్కువ సమయం, గోలలేని మూల, చెవులకు హెడ్‌ఫోన్లు, బయటికి వెళ్లే పత్రాన్ని ఒకసారి చూసిపెట్టే నమ్మకమైన సహోద్యోగి ఉండాలి. వీటిలో చాలావాటికి పైసా ఖర్చు లేదు. ఆరు వారాలకోసారి, పది నిమిషాలు కూర్చుని ఏది పనికొస్తోందో మాట్లాడండి. ఒకసారి ఏర్పాటు చేసి మరిచిపోయిన సర్దుబాటు సాధారణంగా నెలలోపే ఆగిపోతుంది.

ఒక్కరికే ఇలా చేస్తే మిగతావాళ్లకు అన్యాయం కాదా?

కళ్లజోడు పెట్టుకున్నవారిని చూసి పక్కవారు అన్యాయం అనరు. పైన చెప్పిన వాటిలో సగం టీము మొత్తానికి చేయండి. ముందు రోజే పత్రం పంపితే ఎవరికి నష్టం? అందరికీ అమలు చేస్తే ఆ ఒక్కరి సంగతి బయటపడదు కూడా.

సర్దుబాట్లన్నీ చేశాను. అయినా తప్పులు వస్తున్నాయి. ఏం చేయాలి?

పని ప్రమాణం తగ్గించమని నేను అడగడం లేదు. తప్పు ఎక్కడ వస్తోందో విడదీసి చూడండి. అక్షరదోషమా, ఆలోచనలో దోషమా? అక్షరదోషాలకు సాఫ్ట్‌వేర్, రెండో కన్ను ఉన్నాయి. ఆ పని అతని కొలువుకు ప్రాణమా, లేక అలవాటుగా తగిలించిందా? మిషన్లు బాగుచేయడంలో ఆరితేరిన మెకానిక్ రోజూ పేజీ నిండా రిపోర్టు రాయాల్సిన అవసరం ఏమిటి? వాయిస్ మెసేజీ, ఒక ఫోటో చాలవా? అన్నీ ప్రయత్నించాక కూడా కొలువుకు ప్రాణమైన పని జరగకపోతే, వేరే పని వెతకడం గురించి ఆ మనిషితో నిజాయితీగా మాట్లాడండి. జాలితో నిజం దాచడం కూడా అవమానమే.

మాది కంప్యూటర్ల ఆఫీసు కాదు. స్టోరు, ఫ్యాక్టరీ, ఆసుపత్రి. అక్కడ ఇవన్నీ కుదురుతాయా?

ఇంకా బాగా కుదురుతాయి. అరలకు అక్షరాల బదులు రంగులు, బొమ్మలు. యంత్రం నడిపే వరుసను ఫోటోలతో గోడమీద అతికించడం. రిజిస్టరులో రాసే చోట టిక్కు పెట్టే గళ్లు. సరుకు పెట్టెల మీద కోడ్ల బదులు స్కానరు. డెలివరీ పనిలో చిరునామా చదవడం కన్నా మ్యాపులో పిన్ను పంపించుకోవడం నయం.

బెంగళూరులో పనిచేసే చోట భాషలు నాలుగైనా ఉంటాయి, అంకెల విషయంలో అది పెద్ద చిక్కు. తెలుగు, కన్నడ, ఇంగ్లీషు భాషల్లో ఇరవై మూడు అంటే ముందు ఇరవై, తరువాత మూడు. హిందీలో తేయీస్ అంటే మూడు ముందు వినిపిస్తుంది, పైగా తొంభై తొమ్మిది దాకా ప్రతి అంకెకూ వేరే మాటే నేర్చుకోవాలి. డిస్‌కాల్క్యులియా ఉన్న మనిషికి లెక్క హిందీలో అరిచి చెబితే 23 కాస్తా 32 అవుతుంది. అంకెలను నోటితో చెప్పకుండా కాగితం మీదో తెర మీదో చూపించండి. నర్సులకు ఇది ప్రాణాల విషయం. మందు మోతాదును ఇద్దరు చూసి, ఇద్దరూ పైకి చదివే పద్ధతి అందరికీ ఉండాలి. కాలిక్యులేటరు వాడటాన్ని చిన్నతనంగా చూడకూడదు.

ఫోనులో, కంప్యూటర్లో పనికొచ్చేవి ఏమున్నాయి?

చాలావరకు మీ దగ్గర ఇప్పటికే ఉన్నాయి. మైక్రోసాఫ్ట్ వర్డ్‌లో ఇమ్మర్సివ్ రీడర్ అక్షరాల మధ్య ఖాళీ పెంచుతుంది, ఒకటో మూడో వరుసలే కనిపించేలా చేస్తుంది, చదివి వినిపిస్తుంది. ఎడ్జ్ బ్రౌజరు వెబ్ పేజీలనూ పీడీఎఫ్‌లనూ చదువుతుంది, తెలుగు గొంతులు కూడా ఉన్నాయి. రాయడం కష్టమైతే మాట్లాడండి. గూగుల్ డాక్స్‌లో, ఫోను జీబోర్డులో తెలుగులోనూ మాటను రాతగా మార్చుకోవచ్చు. మీరు రాసిన మెయిలును పంపేముందు యంత్రంతో చదివించుకుని వినండి. కన్ను వదిలేసిన తప్పు చెవికి దొరుకుతుంది. నేను చెప్పే చిట్కాల్లో అందరూ నిలబెట్టుకునేది ఇదే. ఒక జాగ్రత్త మాత్రం పాటించండి. కంపెనీ పత్రాలను బయటి వెబ్‌సైట్లలో పెట్టేముందు ఐటీ విభాగం అనుమతి తీసుకోండి.

డిస్లెక్సియా కోసం ప్రత్యేక ఫాంట్లు, రంగు అద్దాలు అమ్ముతున్నారు. కొనాలా?

అద్దాలకు డబ్బు పెట్టకండి, అవి డిస్లెక్సియాను తగ్గిస్తాయనడానికి ఆధారం లేదు. ఫాంట్ ఉచితంగా దొరికి, మీకు హాయిగా ఉంటే వాడండి. అయితే అక్షరం పెద్దది చేసి, వరుసల మధ్య ఖాళీ పెంచితే అంతకన్నా మేలు జరుగుతుంది.

కన్నడ నేర్చుకోమంటున్నారు. లిపి చూస్తే తెలుగులాగే ఉంది, కానీ ఇంకా గందరగోళంగా ఉంది. ఎందుకు?

రెండు లిపులూ ఒకే తల్లి బిడ్డలు. మామూలు తెలుగువారికి ఆ పోలిక వరం. అక్షరాల చిన్న తేడాలను పట్టుకోవడమే కష్టమైన మీకు మాత్రం అదే పోలిక అడ్డు. తలకట్టు కాస్త సాగుతుంది, వంపు కాస్త మారుతుంది, చూసిందేనా కాదా అన్న అనుమానం మిగులుతుంది. ముందు మాట నేర్చుకోండి. తెలుగువారికి కన్నడ చెవికి తొందరగానే పట్టుబడుతుంది. లిపి తరువాత, రోజూ వెళ్లే దారిలోని బస్సు బోర్డులతో, పెద్ద అక్షరాలతో నేర్చుకోవచ్చు.

ఉద్యోగ పరీక్షల్లో సమయం చాలక పోతున్నాను. అడిగితే ఇస్తారా?

ప్రభుత్వ పరీక్షల్లో లేఖకుని సాయం తీసుకునే అర్హులకు గంటకు కనీసం 20 నిమిషాలు అదనంగా ఇవ్వాలని కేంద్ర మార్గదర్శకాలు చెబుతున్నాయి. దరఖాస్తులోనే ఆ గడి నింపాలి, పరీక్ష రోజు అడిగితే లాభం లేదు. ప్రభుత్వ ఉద్యోగాల్లోని 4 శాతం రిజర్వేషన్‌లో ఒక శాతాన్ని అభ్యసన వైకల్యం, ఆటిజం, మేధో వైకల్యం, మానసిక అనారోగ్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారు పంచుకుంటారు.

ప్రైవేటు కంపెనీల ఆప్టిట్యూడ్ పరీక్షల మీద నాకు కోపం ఉంది. నిమిషానికొక ప్రశ్న విసిరి మనిషిని తేల్చేస్తారు. మంచి ప్రోగ్రామర్లు అక్కడే రాలిపోవడం చూశాను. పిలుపు మెయిలు వచ్చిన రోజే అదనపు సమయం గానీ, పరీక్ష బదులు చేసి చూపించే పని గానీ ఇవ్వమని రాయండి. కొందరు ఒప్పుకుంటారు.

మా తమ్ముడికి మేధో వైకల్యం ఉంది. ఇవన్నీ అతనికీ వర్తిస్తాయా?

కొన్ని మాత్రమే. మేధో వైకల్యం వేరు, అందులో ఆలోచన, నేర్చుకోవడం, రోజువారీ పనులు చేసుకోవడం అన్నీ నిదానంగా ఉంటాయి. బ్రిటన్ వంటి కొన్ని దేశాల్లో మేధో వైకల్యాన్నే లెర్నింగ్ డిసెబిలిటీ (అభ్యసన వైకల్యం) అనడం వల్ల ఇంటర్నెట్‌లో చదివినవారు తికమకపడుతుంటారు. అతనికి పనిని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి, పక్కన నిలబడి నేర్పే జాబ్ కోచ్ కావాలి. 1984లో మొదలైన సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని జాతీయ సంస్థ ఈ రంగంలో మనవాళ్లకు పెద్ద దిక్కు. బెంగళూరులో 1999 నుంచి పనిచేస్తున్న ఎనేబుల్ ఇండియా వికలాంగుల ఉద్యోగాల కోసమే కృషి చేస్తోంది. 2017లో మొదలైన మిట్టి కేఫ్‌లలో వికలాంగులైన పెద్దలే వండి వడ్డిస్తారు. అతన్ని ఒకసారి అక్కడికి తీసుకెళ్లి కాఫీ తాగించండి, అలాంటివాళ్లు పనిచేయడం కళ్లారా చూడనివ్వండి.

నేను పక్క సీటు సహోద్యోగిని మాత్రమే. ఏం చేయగలను?

అడగకుండా సరిదిద్దకండి. అడిగినప్పుడు విసుక్కోకండి. గ్రూపులో అతని అక్షరదోషం మీద నవ్వు బొమ్మ పెట్టకండి.

మీటింగులో అందరి ముందు ఎగతాళి చేశారు. ఫిర్యాదు చేయవచ్చా?

చేయవచ్చు. జరిగిన రోజే తేదీ, మాటలు, అక్కడున్నవారి పేర్లు రాసిపెట్టుకోండి. రాయడం కష్టమైతే మీ గొంతుతో రికార్డు చేసుకోండి. ముందు హెచ్‌ఆర్ లేదా లియాజన్ అధికారి దగ్గరికి, అక్కడ కదలిక లేకపోతే రాష్ట్ర వికలాంగుల కమిషనర్ దగ్గరికి వెళ్లండి. అవమానించాలన్న ఉద్దేశంతో బహిరంగంగా వైకల్యం ఉన్న వ్యక్తిని కించపరిస్తే, వికలాంగుల హక్కుల చట్టం 92వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి అయిదేళ్ల దాకా జైలు శిక్ష ఉంది. మాట తూలిన ప్రతివారినీ జైలుకు పంపమని కాదు నా ఉద్దేశం. ఆ సెక్షన్ ఉందన్న సంగతి హెచ్‌ఆర్‌కు తెలిసి ఉండటమే చాలాసార్లు సరిపోతుంది.

ఆదివారం సాయంత్రం నుంచే గుండె దడ మొదలవుతుంది. ఇది కూడా దీని వల్లేనా?

అయి ఉండవచ్చు. ఏళ్ల తరబడి దాచుకున్నవారిలో ఆందోళన, దిగులు తరచుగా చూస్తుంటాను. దానికి విడిగా చికిత్స ఉంది. ప్రభుత్వ టెలీ మానస్ సేవకు 14416 నంబరుకు ఏ వేళలోనైనా ఫోను చేయవచ్చు. తెలుగులో మాట్లాడతారు.

మా ఆయన పనిలో మంచి పేరు తెచ్చుకున్నాడు. కానీ రెండుసార్లు ప్రమోషన్ వద్దన్నాడు. ఇంట్లో అందరం కోప్పడ్డాం. కారణం ఇదేనా?

ఆయన్ను అడగండి, కోప్పడకుండా. పదోన్నతి అంటే మీకు జీతం కనిపిస్తుంది. ఆయనకు వారానికో నివేదిక, అందరి ముందు తెర మీద టైపు చేయడం, పదిమందికి రేటింగులు రాయడం కనిపిస్తాయి. ఇన్నాళ్లూ దాచుకున్నది అక్కడ బయటపడుతుందని భయం. నా దగ్గరికి వచ్చే ఒక ఫ్యాక్టరీ సూపర్‌వైజరు ఇలాగే మూడేళ్లు తప్పించుకు తిరిగాడు. చివరికి భార్య పక్కన కూర్చోగా హెచ్‌ఆర్‌కు చెప్పాడు. వాళ్లు అడిగింది ఒక్కటే: "నివేదికలు ఎలా ఇస్తావు?" ఫోనులో తెలుగులో చెబుతానని, గుమాస్తా దాన్ని ఇంగ్లీషులోకి మార్చి తనకు చదివి వినిపించాకే పంపాలని అడిగాడు. ఒప్పుకున్నారు. ఇప్పుడు అరవై మంది ఆయన కింద పనిచేస్తున్నారు. రోజూ సాయంత్రం ఆరింటికి, మిషన్లు ఆగాక, ఒక మూలకు వెళ్లి పది నిమిషాలు ఫోనులో నివేదిక చెబుతాడు.